పరంజాకు పసుపు బొట్టు

సూక్ష్మజీవులను చంపే విద్య నేర్చుకోమని స్కాలర్‌షిప్పు ఇస్తే, ఆ సూక్ష్మజీవులకే బొట్టు పెట్టి పేరంటానికి పిలిచిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ పేరంటం ధర్మమా అని తెనాలిలో ఒక ఆపరేషన్ థియేటర్‌కు తాళం పడింది. మా మావయ్య ఆకలికి తట్టుకోలేక ఆస్పత్రి పీకి పందిరేశాడు. మా గైడ్ మేడమ్ బాపట్లలో రైలెక్కి వచ్చి, జరిగింది విని, బల్ల మీద కూలబడ్డారు. ఇంత రభసకూ కారణం చిటికెడు పసుపు. నిజానికి చిటికెడు కూడా కాదు, పట్టకారు మొనకు అంటినంత.

ముందు నేను చేసే పనేమిటో చెప్పాలి, లేకపోతే నా ఘనత మీకు పూర్తిగా అర్థం కాదు. బాపట్లలో ఒక కాలేజీలో పరిశోధన చేసేదాన్ని. ఎముక విరిగి మధ్యలో కొంత ముక్క పోయిందనుకోండి, ఆ ఖాళీ దానంతటది పూడదు. అక్కడ స్పాంజిలాంటి బిళ్ల ఒకటి పెడితే, ఎముక కణాలు దాని రంధ్రాల్లోకి ఎక్కి, అక్కడే కాపురం పెట్టి, కొత్త ఎముక కట్టుకుంటాయి. కట్టడం పూర్తయ్యేసరికి బిళ్ల మెల్లగా కరిగిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు గడలతో పరంజా కడతారు చూడండి, ఇదీ అలాంటిదే. చిక్కేమిటంటే పరంజా ఉన్నాక మేస్త్రీలే ఎక్కాలని రూలు లేదు, దొంగలూ ఎక్కుతారు. సూక్ష్మజీవులు ఆ రంధ్రాల్లో చేరాయంటే ఎముకలో చీము పడుతుంది. మింగిన మందులు అక్కడిదాకా సరిగ్గా చేరవు. అందుకని పరంజాలోనే వాటిని చంపే గుణం పెట్టాలి. అదండీ నా పని.

పరంజాకు కావలసిన సామాను మన చుట్టుపక్కలే దొరికింది. రొయ్య పొట్టును ఆమ్లంలో నానబెట్టి, క్షారంలో ఉడకబెట్టి, దాని లోపలి పదార్థం తీస్తే అది సూక్ష్మజీవులకు గిట్టదు. దానికి ఎముకలో ఉండే ఖనిజం కలిపి, దుగ్గిరాల పసుపు కొమ్ముల నుంచి తీసిన సారం చేర్చి, గడ్డకట్టించి, తేమ లాగేస్తే లేత పసుపురంగు బిళ్ల తయారు. చూడ్డానికి మరమరాల ఉండను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. అది పట్టుకుని నేను ప్రపంచాన్ని ఉద్ధరిస్తున్నాననుకునేదాన్ని.

రొయ్య పొట్టు తెచ్చే బాధ్యత మా మావయ్యది. అమ్మకు సొంత తమ్ముడు. రేపల్లెలో ఉంటాడు, సొంత పడవ ఉంది. ఒకసారి పడవను గట్టుకు లాగుతుంటే జారి, మోకాలి కింద ఎముక విరిగింది. లోపల ఇనుప రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది గానీ లోపల చీము పట్టింది. పైన మానినట్టే మానడం, మళ్ళీ కారడం. అప్పటినుంచి పడవ వేరేవాళ్ళు నడుపుతుంటే తను ఒడ్డున కర్ర పట్టుకుని కూర్చునేవాడు. సముద్రం మీద తిరిగే మనిషిని ఒడ్డున కూర్చోబెడితే ఏమవుతుందో తెలుసా? ఊరంతటికీ సలహాలు చెప్తాడు. మా అత్తయ్యకు వంట కూడా నేర్పడం మొదలుపెట్టాడని తెలిశాక, ఈ మనిషి కాలు తొందరగా బాగుపడాలని అందరికంటే గట్టిగా మొక్కుకున్నది ఆవిడే.

నాకు మాత్రం వేరే కారణం ఉంది. నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తినవాడు ఆయన. ఆయన కుంటుతూ నడవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎముకల చీము మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది అందుకే.

ఆయన రొయ్య పొట్టు మూట తీసుకుని రేపల్లెలో బాపట్ల బస్సెక్కేవాడు. చెరుకుపల్లి వచ్చేసరికి బస్సులో జనమంతా ముందువైపుకు జరిగి డ్రైవరు ఒళ్ళో కూర్చున్నంత పని చేసేవారు. ఒకసారి కండక్టరు ముక్కు మూసుకుని అడిగాడట.

"ఏంటి బాబాయ్ ఆ మూట?"

"ఎముకలు."

"ఎముకలా! దిగు, దిగు!"

"హడిలిపోకయ్యా. ఎముకలు కట్టే సామాను. మా కోడలు పిల్ల రొయ్య పొట్టుతో ఎముకలు చేస్తంది. రేపు నీ కాలు విరిగినా ఇదే పెట్టేది."

ఆ మాటకు కండక్టరు ఆయన్ని దించలేదు గానీ, మూటను మాత్రం బస్సు పైకెక్కించాడు.

ఇక నా శుభ్రత గురించి. సూక్ష్మజీవుల గురించి చదివినవాళ్ళకు కొన్నాళ్ళు పిచ్చి పడుతుంది, నాకు అది బాగా ముదిరింది. సెలవు దొరికితే బాపట్ల నుంచి తెనాలిలో మా ఇంటికి వచ్చేదాన్ని. రాగానే గడియలు, స్విచ్చులు, ఫ్యాను రెగ్యులేటరు, అన్నీ స్పిరిట్ పెట్టి తుడిచేదాన్ని. చేపల మార్కెట్ నుంచి వచ్చిన నాన్నను గుమ్మం బయటే నిలబెట్టి చేతులు కడిగించేదాన్ని. పాపం ఆయన అల్లుడింటికి వచ్చిన వాడిలా ఒదిగి నిలబడేవారు. అమ్మ మాత్రం లొంగేది కాదు.

"అమ్మా, ఆ కొంగుతో గ్లాసు తుడవకు. ఆ కొంగులో ఎన్ని కోట్ల సూక్ష్మజీవులున్నాయో తెలుసా?"

"ఈ కొంగుతోనే నీ ముక్కు తుడిచి పెంచా. చచ్చావా?"

దీనికి సమాధానం మా సిలబస్‌లో లేదు.

సరే, అసలు కథలోకి వద్దాం. బిళ్ల తయారైంది, గాజు పళ్ళాల్లో పరీక్షలూ బాగా వచ్చాయి. తరవాత మెట్టు కుందేళ్ళు. దానికి ఎముకల ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరైనా మాతో కలవాలి. మా గైడ్ మేడమ్ తెనాలిలో ఒక పెద్ద ఎముకల డాక్టరు గారిని అడిగారు. విచిత్రం ఏమిటంటే మావయ్య కాలు చూసేదీ ఆయనే. చాలా నెమ్మదైన మనిషి, కానీ శుభ్రత విషయంలో నాకు తాత. ఆయన మేడమ్‌తో ఒకటే మాటన్నారు.

"ఫొటోలు వద్దండి. ఫొటోల్లో అందరి పరిశోధనలూ బావుంటాయి. మీ అమ్మాయిని బిళ్ల తీసుకుని మా ఆస్పత్రికి రమ్మనండి. చీము పుట్టించే సూక్ష్మజీవుల్ని నేనే పళ్ళెంలో చల్లుతా, తను బిళ్ల పెట్టాలి. మర్నాడు పొద్దున బిళ్ల చుట్టూ తేటగా కనబడితే నేను మీతో ఉంటా. లేకపోతే లేదు."

మేడమ్ నాకు ఫోన్ చేసి, "చూడమ్మా, ఈయన కాదంటే మన పని ఇక్కడితో ఆగిపోతుంది. నీ మీదే వదిలేస్తున్నా," అన్నారు. మేడమ్ ఎవరి మీదా ఏదీ వదలరు. అలాంటావిడ వదిలేస్తున్నా అనేసరికి ఉన్న బిళ్లలన్నీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాను.

దానికి తోడు నేను బిళ్ల పెట్టాల్సిన రోజుకు మర్నాడే మావయ్యకు అదే ఆస్పత్రిలో ఆపరేషన్. పాత రాడ్డు తీసేసి, చీము పట్టిన ఎముకను గీకి శుభ్రం చేసి, ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు పూసలు పెడతారు. కొన్నాళ్ళకు మళ్ళీ ఇంకో ఆపరేషన్ చేసి ఆ పూసలు తీసేయాలి. ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ మావయ్య నా ప్రాణం తీస్తున్నాడు.

"నీ బిళ్లయితే దానంతటదే కరిగిపోద్దన్నావు కదే కోడలా. అదే పెట్టించు."

"అప్పుడే మనుషులకు పెట్టకూడదు మావయ్యా. ముందు కుందేళ్ళకు పెట్టి చూడాలి."

"కుందేళ్ళేమన్నా పడవ నడుపుతాయా?"

ఇదీ పరిస్థితి. బిళ్లలున్న సీసాను ముందురోజే తెనాలి తెచ్చి ఇంట్లో పెట్టాను. శుద్ధి చేసి, బిగించి, సీలు వేసిన సీసా. ఎవరూ ముట్టుకోకూడదని బీరువాలో మా అమ్మ పట్టుచీరల మధ్య దాచాను. పొద్దున నేను తయారై బయల్దేరబోతుంటే అమ్మ వచ్చింది. చేతిలో పూజ దగ్గర ఉండే పసుపు భరిణె.

మా ఇళ్ళల్లో సంగతి మీకు తెలియనిది కాదు. కొత్త చీర కట్టుకోవాలంటే చెంగుకు పసుపు పెట్టాలి. శుభలేఖ పంచాలంటే నాలుగు మూలలా పసుపు పెట్టాలి. కొత్త ఫ్రిజ్జు కొంటే కరెంటు పెట్టే ముందు పసుపు పెట్టాలి. పసుపు పెట్టని కొత్త వస్తువు ఇంట్లో ఉంటే అమ్మకు నిద్ర పట్టదు.

"మొదటిసారి పెద్దవాళ్ళకి చూపించడానికి తీసుకెళ్తున్నావు. నాలుగు మూలలా కాస్త పసుపు పెట్టవే."

"గుండ్రంగా ఉందమ్మా. దానికి మూలలు లేవు."

"లేకపోతే మధ్యలో పెట్టు."

"అమ్మా! అందులో పసుపు ఉంది. పసుపు సారం తీసి మరీ కలిపాను. చూడు, రంగు కూడా అదే."

"అది కలిపిన పసుపు. నేను చెప్పేది పెట్టే పసుపు. కూరలో పసుపు వేశామని గడపకి రాయడం మానేస్తామా?"

నేను ఊరుకుంటానా? శుద్ధి అంటే ఏమిటి, సూక్ష్మజీవులు ఎంత మొండివి, చదువుకున్న ఆడపిల్ల తల్లి ఎలా ఆలోచించాలి అనే విషయాల మీద అక్కడికక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ మొత్తం విని, "సరేలే తల్లీ, నీ ఇష్టం," అని భరిణె బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. భరిణెను అక్కడ వదిలేసి వెళ్ళడంలో ఉన్న తెలివితేటలు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు గదిలో నేనూ, సీసా, భరిణె మిగిలాం. నేను సీసా వైపు చూశాను. లోపల ఎన్నో నెలల కష్టం. చూస్తుంటే బిళ్ల కాస్త దిగులుగా ఉన్నట్టు కనిపించింది. నవ్వకండి, భయం పట్టినప్పుడు బిళ్లలకు కూడా మొహాలు ఉంటాయి. ఒకవేళ రేపు పళ్ళెంలో తేడా వస్తే? డాక్టరు గారు కాదంటే? మేడమ్ మొహం ఎలా చూడాలి? జీవితాంతం అమ్మ "నేనప్పుడే చెప్పా" అంటూ ఉంటే ఎలా బతకాలి? నిజం చెప్పనా, అన్నిట్లోకి ఇదే ఎక్కువ భయం.

అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. బిళ్లలో ఎలాగూ పసుపు ఉంది. పసుపు సూక్ష్మజీవుల్ని చంపుతుందని నా థీసిస్ నిండా నేనే రాశాను. అలాంటప్పుడు పైన ఇంకో చుక్క పెడితే నష్టమేమిటి? ఉంటే గింటే లాభమే. అమ్మ మాటా దక్కుతుంది, నా చదువూ దక్కుతుంది.

ఇక చూడండి నా నిష్ఠ. కిటికీ పక్కనున్న బల్లను స్పిరిట్‌తో తుడిచాను. మొహానికి మాస్కు కట్టాను. గ్లౌజులు తొడిగాను. స్పిరిట్ దీపం వెలిగించి, పట్టకారు మొనను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, దీపం పక్కనే సీసా సీలు తీశాను. పట్టకారు మొనను భరిణెలో తాకించి, అన్నిట్లోకి బాగా వచ్చిన బిళ్ల నడినెత్తిన ఒక్క చుక్క పెట్టాను. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, మళ్ళీ సీసా బిగించాను. ఇంత శాస్త్రీయంగా తప్పు చేసిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

ఆస్పత్రిలో ల్యాబ్ అద్దంలా ఉంది. డాక్టరు గారు పళ్ళెం నిండా సూక్ష్మజీవుల్ని చల్లారు. నేను చేతులు కడిగాను, మళ్ళీ కడిగాను, గ్లౌజులు వేసుకున్నాను, వేసుకున్నాక కూడా స్పిరిట్ రాసుకున్నాను. పట్టకారుతో బిళ్లను తీసి నెమ్మదిగా మధ్యలో పెట్టాను. పసుపురంగు బిళ్ల మీద పసుపు చుక్క ఎవరికి కనిపిస్తుంది?

డాక్టరు గారు ముచ్చటపడిపోయారు. "ఇంత శుభ్రంగా పనిచేసే అమ్మాయిని ఈమధ్య చూళ్ళేదమ్మా. మా నర్సులకి ఒకసారి చూపించాలి."

"అలవాటైపోయిందండి," అన్నాను, సిగ్గుపడుతున్నట్టు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే దిండులో మొహం దాచుకుంటాను.

పళ్ళేన్ని ఒంటి వేడికి సమానంగా ఉండే పెట్టెలో పెట్టారు. సాయంత్రం మావయ్య వచ్చి ఆస్పత్రిలో చేరాడు. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదని చెప్పారు. అప్పటిదాకా ఆకలి లేదన్న మనిషికి ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆకలి మొదలైంది.

మర్నాడు పొద్దున డాక్టరు గారూ, నేనూ, బాపట్ల నుంచి వచ్చిన మేడమూ పెట్టె ముందు నిలబడ్డాం. డాక్టరు గారు పళ్ళెం బయటికి తీసి వెలుగులో పెట్టారు.

బిళ్ల చుట్టూ తేటగా చక్కటి వలయం ఉంది. ఆయన చల్లిన సూక్ష్మజీవులు అక్కడ చచ్చాయి. నేను ఎగిరి గంతేయబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ వలయం మధ్యలో, బిళ్ల నెత్తిమీద నుంచి మొదలై, మందంగా, తెల్లగా, ముడతలు ముడతలుగా, అంచులు తేలిన దిబ్బరొట్టె లాంటిది ఒకటి పరుచుకుని ఉంది.

డాక్టరు గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "నేను చల్లినవి పోయాయి, మంచిదే. మరి ఇదేంటమ్మా?"

"ఏదండి?"

"ఈ అట్టు."

"అట్టా... అదీ... తెలీదండి."

"నేను చల్లింది ఇది కాదే. ఇదెక్కడిది?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. మీరూ హాయిగా పని చూసుకునేవారు. కానీ నాకు పసుపు సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. ఒట్టు. పసుపు పెట్టడం మాకెంత అలవాటంటే, అది ఒక పని చేసినట్టే లెక్కలోకి రాదు. చెప్పులు వేసుకున్నానని ఎవరైనా చెప్పుకుంటారా? అందుకే చాలా నమ్మకంగా, మేడమ్ ముందు, ఆ మహానుభావుడితో ఇలా అన్నాను:

"నా వైపు నుంచి అయితే అవకాశమే లేదండి. మీ గాలిలో నుంచి పడిందేమో."

మేడమ్ నా చెయ్యి గిల్లారు. ఆలస్యమైపోయింది. డాక్టరు గారి మొహంలో రంగు మారింది. కోపంతో కాదు, భయంతో. ఎముకల డాక్టరుకు గాలిలో సూక్ష్మజీవి అంటే పడవవాడికి అడుగున చిల్లన్నట్టే. ఈ ల్యాబ్ పక్కనే ఆపరేషన్ థియేటర్, రెండింటికీ గాలి ఒకే గొట్టంలో నుంచి వస్తుంది. ఆయన గట్టిగా నర్సును పిలిచారు.

"థియేటర్ మూసేయండి. గొట్టాలు, గోడలు, అన్నీ కడగండి. ఈ రోజు కేసులన్నీ వాయిదా. గాలి పరీక్ష చేసిందాకా ఎవర్నీ లోపలికి తీసుకురావద్దు."

"సార్, మొదటి కేసు రేపల్లె పేషెంటు. స్ట్రెచర్ మీదే ఉన్నాడండి."

"వెనక్కి పంపించండి. మళ్ళీ నాకు ఖాళీ ఎప్పుడో చూసి చెప్తాను. ఎముక తెరిచి ఈ దిబ్బరొట్టెని అందులో పెట్టమంటారా?"

రేపల్లె పేషెంటు ఎవరో మీకు తెలుసు. వరండాలోకి పరిగెత్తాను. పచ్చగౌను వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని మావయ్య స్ట్రెచర్ మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఆపరేషన్ లేదా? మరి రాత్రినుంచి నన్నెందుకు ఎండగట్టారు? కడుపులో పేగులు వల అల్లుకుంటున్నాయి! ఎవడో వచ్చి గాలిలో ఏదో ఉందన్నాడంట. ఎవడాడు?"

"ఎవరో లే మావయ్యా," అన్నాను.

"దొరకనీ, చెప్తా. ఈ రాడ్డు తీసి దాంతోనే కొడతా."

అరుపులు అయ్యాక ఆయన గొంతు తగ్గింది. టోపీ తీసి చేతిలో నలుపుతూ అన్నాడు. "మళ్ళీ ఎప్పుడంటారో ఏంటో కోడలా. ఈసారి వేటకి నేనే వెళ్తానని పడవ వాళ్ళకి చెప్పేశా కూడా." ఆ గాలిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, మనసులో.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. మాకోసం క్యారేజీ తెచ్చింది. సంగతి విని, "అయ్యో, ఆపరేషన్ లేనప్పుడు వాణ్ణెందుకు మాడ్చడం," అంటూ స్ట్రెచర్ మీదే గిన్నెలు విప్పింది. వేడన్నం, బొమ్మిడాయిల పులుసు. వరండా మొత్తం ఘుమఘుమలాడింది. మావయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ అన్నంలో పులుసు పోసి కలిపింది. ఎర్రటి పులుసు మీద పసుపురంగు నూనె తేలింది.

పసుపురంగు.

భరిణె, పట్టకారు, నడినెత్తిన చుక్క, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. పసుపు పొడి ఎక్కడి నుంచి వస్తుంది? మట్టిలో పండి, కళ్ళంలో ఆరి, మరలో ఆడి, భరిణెలో చేరుతుంది. దాన్నెవరు శుద్ధి చేశారు? నేను బిళ్లలో కలిపింది కడిగి వడపోసి తీసిన సారం, పైన పెట్టింది సాక్షాత్తూ మట్టి ప్రసాదం! గాలిలో ఏమీ లేదు. థియేటర్ నిక్షేపంలా ఉంది. ఆపరేషన్ ఈ రోజే చేసేయొచ్చు. కానీ మావయ్య ఒక్క ముద్ద తిన్నాడా, ఇక ఈ రోజుకు చేయరు. డాక్టరు గారికి మళ్ళీ ఎప్పుడు ఖాళీయో ఎవరికి తెలుసు.

అమ్మ ముద్ద ఎత్తింది. మావయ్య నోరు తెరిచాడు.

"మావయ్యా, తినొద్దు!"

ఎగిరి వెళ్ళి ముద్ద లాక్కున్నాను. నా చేతిలో ముద్ద, తెల్లకోటు మీద పులుసు. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అరుపు విని డాక్టరు గారూ మేడమూ కూడా బయటికి వచ్చారు.

"నీకేమొచ్చిందే? నోటికాడ కూడు లాక్కుంటావా!" అన్నాడు మావయ్య. ఆ గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ.

"ఏమైందమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"అదీ... ఆపరేషన్ చేసేయొచ్చండి. గాలిలో ఏం లేదండి."

"నీకెలా తెలుసు?"

ఎలా చెప్పను? ఒకవైపు మేడమ్, ఒకవైపు డాక్టరు గారు, మధ్యలో పులుసు. ముద్దను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను. నా అవస్థ చూసి అమ్మకు జాలేసింది. బిడ్డకు ధైర్యం చెప్పాలనుకుంది పాపం. చెయ్యి కడుక్కుంటూ, అందరికీ వినబడేలా అంది.

"ఎందుకే అలా బెంగపడతావు? అంతా మంచే జరుగుద్ది. నిన్న పొద్దున బిళ్లకి పసుపు పెట్టి మరీ బయల్దేరావు కదా!"

డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి అమ్మ వైపు తిరిగారు.

"పసుపు పెట్టిందాండి?" అన్నారు డాక్టరు గారు.

"అవునండి. నాముందు పెద్ద కబుర్లు చెప్పింది గానీ, నేను వంటింటి కిటికీలోంచి చూశాను. దీపం పెట్టుకుని, దణ్ణం పెట్టుకుని, ఎంత భక్తిగా పెట్టిందనుకున్నారు! ఎంత చదివినా నా కూతురేనండి."

అమ్మ మొహంలో అంత గర్వం నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా చూడలేదు. మేడమ్ పక్కనే ఉన్న బల్ల మీద కూలబడ్డారు. మావయ్య మెల్లగా నా వైపు తిరిగాడు.

"అయితే గాలిలో ఉందన్నది నువ్వేనా?"

నేను చేతిలో ముద్ద వైపు చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు గారు లోపలికి వెళ్ళారు. కాస్సేపటికి నన్ను పిలిచారు. ఆ అట్టు అంచు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు, పొడుగ్గా, బారులు తీరి ఉన్నాయి. బిళ్ల మీద పసుపు పొడి నలుసులు కూడా స్పష్టంగా కనిపించాయి.

"పసుపులోనే పుట్టి పెరిగినవి పసుపుకి జడుస్తాయా అమ్మా?" అన్నారు. అని, ఇక ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టారు. ఆ నెమ్మదైన మనిషి అలా నవ్వగలరని ఆస్పత్రిలో ఎవరికీ తెలియదట. నర్సులు తలుపు సందులోంచి తొంగి చూశారు.

నాకు మాత్రం ఏడుపు తన్నుకొస్తోంది. "తప్పైపోయిందండి. ఇంత శుభ్రమైన చోట, ఇంత పెద్ద డాక్టరు గారి దగ్గర..." అంటూ తల ఎత్తేసరికి, ఆయన వెనక గోడవారగా ఉన్న కొత్త ఎక్స్‌రే మిషను కనిపించింది. దాని నుదుటి మీద పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు. పక్కన ఎండిపోయిన బంతిపూల దండ.

నేను చూడటం ఆయన చూశారు. ఒక్క క్షణం నవ్వు ఆపి, గొంతు సవరించుకున్నారు.

"నేనూ పెట్టాను. కానీ బయట, మూత మీద."

ఆ రోజు కడిగిన థియేటర్‌ను మళ్ళీ ఒకసారి కడిగించి, మధ్యాహ్నం మావయ్యకు ఆపరేషన్ చేశారు. బాగా జరిగింది. మత్తు దిగీ దిగగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఆ పులుసు ఉందా, తినేశారా?" డాక్టరు గారు నాకు ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి పసుపు పెట్టని బిళ్ల పెట్టాను. మర్నాడు చుట్టూ తేటగా వలయం, మధ్యలో బిళ్ల, బిళ్ల మీద ఏమీ లేదు. ఆయన మేడమ్‌తో చెయ్యి కలిపారు. కుందేళ్ళ పని ఇప్పుడు నడుస్తోంది. మేడమ్ మాత్రం మా ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం అంటించారు: "భక్తి బయట. బిళ్ల లోపల." కొత్తగా చేరిన పిల్లలు దాని అర్థం అడిగితే అందరూ నా వైపే చూస్తారు.

మావయ్య కాలిలోని సిమెంటు పూసలు కూడా తీసేశారు, కాలు మానింది, ఇక చీము కారలేదు. ఈమధ్య పడవకు కొత్త రంగులు వేయించి, మళ్ళీ వేటకు వెళ్ళే రోజున మమ్మల్నందర్నీ పిలిచాడు. ఒడ్డున పసుపు పళ్ళెం తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

"నువ్వే పెట్టవే కోడలా. చెయ్యి తిరిగినదానివి."

అందరూ పగలబడి నవ్వారు. నేను పడవ ముక్కు మీద, బయటివైపు, ఇంత మందంగా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఆయన కర్ర ఇసకలో పడేసి, ఆ కాలే ముందు పెట్టి పడవెక్కాడు. అత్తయ్య దణ్ణం పెట్టింది. సముద్రానికో, సలహాల బాధ తప్పించిన దేవుడికో నాకు తెలియదు. నాకు మాత్రం ఆనందంతో కళ్ళు కనిపించలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, రేపల్లె పడవల సాక్షిగా, బాపట్ల రైలు సాక్షిగా, తెనాలిలో ఒలికిపోయిన బొమ్మిడాయిల పులుసు సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో శుద్ధి చేసిన వస్తువు దేనికీ పసుపు పెట్టను. పరాయివాళ్ళ గాలిని నిందించను. ఆకలితో ఉన్న మనిషి నోటి ముందు నుంచి ముద్ద లాక్కోను. ఈ ప్రమాణాన్ని తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, కవరులో పెట్టి అమ్మ చేతికి ఇచ్చాను.

కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టే ఇచ్చాను లెండి. బయటే.